స్నేక్‌వుడ్, బ్లాక్‌వుడ్, ఎబొనీ: పగిలే గట్టి కర్రల్లో పెన్నుకు ఏది తీసుకోవాలి?

చెక్క పెన్నులు చేయడం మొదలుపెట్టి టేకు, మామిడి, రోజ్‌వుడ్ దాటినవాళ్ల కన్ను ఏదో ఒకరోజు బరువైన విదేశీ కర్రల మీద పడుతుంది. పాము మచ్చల స్నేక్‌వుడ్, కాటుక నలుపు ఎబొనీ, నారింజ ఎరుపు కలిసిన కోకోబోలో... ఫొటోలో ఏది బాగుంటే అది ఆర్డర్ పెట్టేస్తారు. నేనైతే కర్రను చివరికి వదిలేయమంటాను. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: పెన్ను మీద కర్ర ఎంత మందం మిగులుతుంది, ఆ పెన్ను ఏ ఊళ్లో ఉండబోతోంది. ఈ రెండూ తెలిస్తే కర్రల జాబితా దానంతటదే చిన్నదైపోతుంది.

తొందరలో ఉన్నవాళ్లకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇలాంటి కర్ర మొదటిసారి పట్టేవాళ్లు డెజర్ట్ ఐరన్‌వుడ్‌తో మొదలుపెట్టండి. నల్ల పెన్ను కావాలంటే ఎబొనీ కన్నా ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ మేలు. ఎవరికైనా కానుకగా పంపేసి మళ్లీ మీ చేతికి రాని పెన్నుకు స్నేక్‌వుడ్ వద్దు.

అసలు పగులు ఎక్కడ పుడుతుంది

రెడీమేడ్ లోహపు భాగాలతో చేసే కిట్ పెన్నులో కర్ర ఒక్కటే ఉండదు. చదరపు ముక్కకు నిలువునా రంధ్రం వేసి, అందులో ఇత్తడి గొట్టం అతికించి, ఆ తర్వాత లేత్ మీద పైకర్ర చెక్కుతాం. అందరికీ తెలిసిన స్లిమ్‌లైన్ కిట్‌లో గొట్టం సుమారు 7 మి.మీ. లావు, కర్రను ఎంత లావు దాకా చెక్కాలో చూపే లోహపు ఉంగరం, అంటే బుషింగ్, 8.4 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే తయారైన పెన్ను అంచుల దగ్గర కర్ర మందం 0.7 మి.మీ. మాత్రమే. మీ దగ్గరున్న ఏ కిట్‌కైనా ఈ లెక్క వేసుకోండి: బుషింగ్ వ్యాసంలోంచి గొట్టం వ్యాసం తీసేసి సగం చేస్తే గోడ మందం వస్తుంది. సిగార్ లాంటి లావు కిట్లలో ఈ మందం చాలాచోట్ల స్లిమ్‌లైన్‌కు రెట్టింపు దాటుతుంది.

గాలిలో తేమ తగ్గితే కర్ర కుంచించుకుపోతుంది. ఇత్తడికి తేమతో పనిలేదు. ఎడ్లబండి చక్రానికి కాల్చిన ఇనప పట్టా ఎక్కించి నీళ్లు పోస్తే పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది కదా, పెన్నులో కర్రది అచ్చంగా ఆ పట్టా పరిస్థితే. ఇనుము ఆ లాగుడుకు తట్టుకుంటుంది. కర్ర నారకు అడ్డంగా తట్టుకోలేదు, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నిలువునా చీలుతుంది.

బరువైన కర్రల్లో ఇంకో ఇబ్బంది ఉంది. వాటి లోపలి నీరు బయటికి రావడానికి చాలాకాలం పడుతుంది. పైభాగం ఎండి బిగుసుకుంటుంది, మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటుంది. మనం ఆ ముక్క కొని, సరిగ్గా ఆ మధ్యలోనే రంధ్రం వేసి, ఇంకా ఆరని ఆ భాగాన్ని తీసుకెళ్లి గొట్టానికి అతికిస్తాం. అతికించాక అది తీరిగ్గా ఆరడం మొదలుపెడుతుంది. పెన్ను అయిన రోజు అద్దంలా మెరిసి, ఆరు నెలలకు క్లిప్పు కింద సన్నటి గీత కనబడటానికి కారణం ఇదే.

ఇక ఊరి సంగతి. కాకినాడలో, విశాఖలో కర్ర దాదాపు ఏడాది పొడవునా తేమ గాలిలో ఉంటుంది. హైదరాబాద్‌లో మార్చి నుంచి మే దాకా గాలి బాగా పొడి. అమెరికాలో ఫీనిక్స్ సంగతి చెప్పక్కర్లేదు. షికాగోలో, న్యూజెర్సీలో చలికాలం హీటర్ నడిచే ఇంట్లో కూడా గాలిలో తేమ బాగా పడిపోతుంది. విశాఖలో చేసి షికాగోలో ఉన్న బావగారికి పంపే పెన్ను ఆ మార్పంతా కొద్ది రోజుల్లోనే భరించాలి. పొడి ఊళ్లో చేసి తేమ ఊరికి పంపితే అంత భయం లేదు. కర్ర కాస్త ఉబ్బి అంచుల దగ్గర లోహం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా తగలొచ్చు గానీ చీలదు. కాబట్టి తేమ ఊళ్లో పని చేసేవారు మిగతావాళ్ల కన్నా కర్రను ఎక్కువగా ఆరబెట్టుకోవాలి, పగుళ్లకు లొంగే కర్రల విషయంలో మరింత గట్టిగా ఉండాలి.

గట్టిదనం చూసి భయపడొద్దు

చాలామంది కర్ర ఎంత గట్టిదైతే అంత పగులుతుందనుకుంటారు. అంకెలు చూస్తే ఆ లెక్క కుదరదు. గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో చిన్న స్టీలు గుండును కర్రలోకి సగం దాకా దించుతారు, దానికి టేకుకు సుమారు 1,070 పౌండ్ల బలం చాలు. కోకోబోలోకు 2,960, ఎబొనీకి 3,080, ఐరన్‌వుడ్‌కు 3,260, బ్లాక్‌వుడ్‌కు 3,670, స్నేక్‌వుడ్‌కు 3,800, లిగ్నమ్ వైటీకి 4,390 దాకా కావాలి. వీటిలో పగుళ్లకు పేరుపడ్డవి స్నేక్‌వుడ్, ఎబొనీ. టేకును పక్కన పెడితే ఎబొనీ ఈ వరసలో కింది నుంచి రెండోది. దానికన్నా గట్టిదైన బ్లాక్‌వుడ్ మాత్రం చెప్పిన మాట వింటుంది.

తేడా చాలావరకు కర్ర ఎంత కుంచించుకుపోతుందన్నదాంట్లో ఉంది. గాబన్ ఎబొనీ పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి ఘనపరిమాణంలో 20 శాతానికి దగ్గరగా తగ్గుతుంది. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ 8 శాతం లోపే. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ నున్నగానే వస్తాయి, పెన్నుగా మారాక మాత్రం ఒకటి ఇంకోదానికన్నా రెండింతలు కదులుతుంది. కర్ర కొనేముందు జాంకా అంకె వదిలేసి ఈ కుంచింపు అంకె వెతకండి.

స్నేక్‌వుడ్: అందం దానిదే, టెన్షన్ కూడా దానిదే

సూరినామ్, గయానా, ఫ్రెంచ్ గయానా అడవుల నుంచి వచ్చే చిన్న చెట్టు ఇది. చెట్టంతా మచ్చలుండవు. చేవ భాగమే సన్నం, అందులోనూ మచ్చ తేలిన ముక్క ఇంకా తక్కువ. అందుకే చాలాచోట్ల దీన్ని తూకం వేసి అమ్ముతారు. పెర్నంబుకో కర్ర రాకముందు యూరప్‌లో వయొలిన్ కమానులకు వాడింది ఎక్కువగా దీన్నే. ఇప్పటికీ పాతకాలపు బరోక్ శైలి కమానులు దీనితో చేస్తారు. కమాను సన్నగా ఉన్నా నిలుస్తోంది కదా, పెన్ను ఎందుకు పగులుతుందని అడగొచ్చు. కమాను లోపల ఇత్తడి గొట్టం లేదు. కర్ర తన ఇష్టప్రకారం కుంచించుకోవచ్చు.

స్నేక్‌వుడ్ తీసుకోవాలనుకుంటే ముక్క చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మేవాళ్లు తరచూ ముక్కలకు మైనం పూసి పంపుతారు. మైనం ఉందంటే లోపల ఇంకా తేమ ఉండొచ్చని అర్థం. నాలుగు పక్కల మైనం గీకేసి, రెండు కొసల మైనం మాత్రం ఉంచేయండి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద పెట్టి బరువు ముక్క మీదే పెన్సిల్‌తో తేదీతో సహా రాయండి. పెన్ను కోసం కోసి అమ్మే మామూలు ముక్క, అంటే పెన్ బ్లాంక్, 19 మి.మీ. చదరం, 127 మి.మీ. పొడవు ఉంటుంది. స్నేక్‌వుడ్ అయితే దాని బరువు 55 గ్రాముల దగ్గర వస్తుంది. అందులో ఒక శాతం తేమ పోవడమంటే అర గ్రాము తగ్గడం. వారానికోసారి తూస్తూ ఉంటే ఆ అర గ్రాములు ఎలా కరుగుతున్నాయో కళ్లముందే కనిపిస్తుంది. ఎండలో పెట్టొద్దు, ఓవెన్ జోలికి అసలు పోవద్దు. కాగితం సంచిలో చుట్టి బీరువాలో పెట్టి మరిచిపోవడమే దీనికి సరైన ఆరబెట్టడం.

బరువు నిలకడగా ఉందనిపించాక రంధ్రం వేయండి. వేసి ఆగిపోండి, వెంటనే అతికించొద్దు. ఇప్పుడు మధ్యభాగానికి కూడా గాలి తగిలింది కాబట్టి ముక్క మళ్లీ బరువు కోల్పోవచ్చు. ఇంకొన్ని వారాలు అలాగే ఉంచి, మళ్లీ తూచి, బరువు కదలడం మానేశాకే గొట్టం ఎక్కించాలి. ఈ ఓపిక లేకపోతే స్నేక్‌వుడ్ కొనకండి. దీన్ని దాటేసే దగ్గరి దారి నాకెక్కడా కనబడలేదు.

కొసల్లో పగుళ్లు ముందే ఉన్నాయేమో చూడటం కూడా ముఖ్యం. ముక్క రెండు చివరలా పది మి.మీ. చొప్పున కోసేయండి. కోసిన ముఖాన్ని సన్నటి సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్ది, ఎసిటోన్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచి, వెలుతురులో పట్టుకుని చూడండి. ఎసిటోన్ క్షణాల్లో ఆరిపోతుంది. పగులున్న చోట మాత్రం ఇంకా లోపల ఉండిపోయి, ముఖమంతా తేటబడ్డాక కూడా వెంట్రుకంత నల్లగీత కాసేపు కనిపిస్తుంది. ఆ గీత మధ్య నుంచి బయటికి వెళ్తుంటే ఇంకాస్త కోసి మళ్లీ చూడండి. కోసిన ప్రతిసారీ అదే గీత వస్తుంటే ఆ ముక్కను పెన్నుకు వాడొద్దు, ఉంగరానికో పెట్టె మూత పిడికో ఉంచుకోండి.

ఇంత చేసినా స్నేక్‌వుడ్ ఎప్పటికీ పగలదని మాట ఇవ్వలేం. అందుకే ఇది మీ సొంత బల్ల మీద, మీ కళ్లముందు ఉండే పెన్నుకు తగిన కర్ర. అమ్మకానికైతే కొన్నవారికి ఆ విషయం ముందే చెప్పి అమ్మండి.

బ్లాక్‌వుడ్, ఎబొనీ మధ్య ఎంపిక

టాంజానియా, మొజాంబిక్‌లలో పెరిగే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌ను స్వాహిలీలో మ్పింగో అంటారు. క్లారినెట్, ఓబో, బ్యాగ్‌పైప్ లాంటి వాద్యాలు చేసేది దీనితోనే. ఘనమీటరుకు 1,270 కిలోల దాకా బరువుండి నీళ్లలో మునిగిపోతుంది. లేత్ మీద దీని తీరే వేరు. ఉలి పదునుగా ఉంటే పొడవాటి పోగులు రాలుతూ, ఉలి వదిలిన చోటే మెరుపు కనిపిస్తుంది. మరలు కోసినా చెదరవు, లోహంలో కోసినంత కచ్చితంగా నిలుస్తాయి. పైపూత లేకుండా కేవలం బఫింగ్‌తో, అంటే గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టి, వదిలేయగలిగిన కొద్ది కర్రల్లో ఇదొకటి.

బ్లాక్‌వుడ్ అసలు పగలదని కాదు. కొత్త క్లారినెట్ కొన్నవాళ్లను మొదటి వారాల్లో రోజూ కాసేపు మాత్రమే వాయించమని చెప్పేది పగుళ్లకు భయపడే. లోపలి నుంచి ఊపిరి తేమ, బయట నుంచి పొడి గాలి తగిలితే ఈ కర్ర కూడా చీలుతుంది. కానీ పెన్ను లోపల ఎవరూ ఊదరు. బాగా ఆరిన బ్లాక్‌వుడ్‌తో, తొందరపడకుండా చేస్తే స్లిమ్‌లైన్ లాంటి సన్నటి గోడ కూడా నిలుస్తుంది. వాద్యాల కోసం కోసిన ముక్కల్లో మిగిలినవి దొరికితే వదలొద్దు. వాటిని ఏళ్ల తరబడి ఆరబెట్టి ఉంటారు.

ఎబొనీ వైపు మొగ్గడానికి సరైన కారణం ఒక్కటే, ఆ మట్టసంగా ఉండే లోతైన నలుపు. బ్లాక్‌వుడ్‌ను వెలుతురులో పెడితే అడుగున ముదురు గోధుమ, ఊదా జాడ తెలుస్తుంది. మంచి గాబన్ ఎబొనీలో అదీ ఉండదు. అంత నలుపే కావాలంటే లావు కిట్ తీసుకోండి, స్నేక్‌వుడ్‌కు చెప్పిన తూకం పద్ధతి దీనికీ పాటించండి. ఎబొనీ మరీ ఎక్కువగా పగిలేది కొసల దగ్గర, వేడి తగిలినప్పుడు. అది కాక, మార్కెట్లో రంగు పట్టించిన ఎబొనీ కూడా చాలా ఉంది. తెల్లగుడ్డను స్పిరిట్‌లో ముంచి రుద్దితే చిక్కటి సిరాలాంటి నలుపు ధారగా వస్తే అనుమానించండి.

గీతలున్న ఎబొనీని చిన్నచూపు చూడకండి. అచ్చమైన నలుపు మాత్రమే కావాలని కొనేవాళ్లు పట్టుబట్టడం వల్ల ఎన్నో చెట్లను నరికి, గోధుమ గీతలున్నాయని అడవిలోనే వదిలేసేవారు. 2011లో కామెరూన్ రాజధాని యావుండేలోని క్రెలికామ్ మిల్లును భాగస్వామితో కలిసి కొన్న టేలర్ గిటార్స్ సంస్థ ఆ గీతల కర్రను కూడా గిటార్లకు వాడటం మొదలుపెట్టింది. పెన్ను మీద ఆ గోధుమ గీతలు నిజంగా బాగుంటాయి, ధరా తక్కువే. నా దృష్టిలో అది మంచి కొనుగోలు.

ఐరన్‌వుడ్, కోకోబోలో, లిగ్నమ్ వైటీ

డెజర్ట్ ఐరన్‌వుడ్ పెరిగేది అమెరికాలోని అరిజోనా, మెక్సికోలోని సొనోరా మధ్య పరుచుకున్న సొనోరన్ ఎడారిలో. సొనోరా తీరంలోని సేరి ప్రజలు దీనితో చేపలు, పక్షుల బొమ్మలు చెక్కుతారు. మార్కెట్‌కు వచ్చేది ఎక్కువగా ఎప్పుడో చచ్చి ఎడారిలోనే ఎండిన మాను కాబట్టి సగం పని ప్రకృతే చేసి పెడుతుంది. కదలిక చాలా తక్కువ. తేనె రంగు, ముదురు చాక్లెట్ రంగు కలిసిన చారలు మెరుపు కింద లోతుగా కనిపిస్తాయి. చిక్కల్లా పాత పగుళ్లతో. ఎండినప్పుడే వచ్చిన పగుళ్లలో ఇసుక, మన్ను కూరుకుపోయి ఉంటాయి, అవి తగిలితే ఉలి మొద్దుబారుతుంది. కొత్తగా పగలదు గానీ పాత పగుళ్లు చూసి కొనాలి. పైన చెప్పిన ఎసిటోన్ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. ఫీనిక్స్, టూసాన్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఇది స్థానికంగానే దొరుకుతుంది. సెలవులకు వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని ఎవరైనా అడిగితే, బిల్లుతో కొన్న రెండు ఐరన్‌వుడ్ ముక్కలు అడగండి.

కోకోబోలో మధ్య అమెరికా కర్ర. కుంచింపు తక్కువ, కాబట్టి పగుళ్ల భయమూ తక్కువ. దీనితో అసలు సమస్యలు నూనె, పొడి. నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. పొడి వల్ల ఒంటి మీద దద్దుర్లు, కళ్ల మంట, ఊపిరి ఇబ్బంది రావొచ్చు. మొదటిసారి ఏమీ కాకపోయినా వాడేకొద్దీ అలర్జీ పెరిగే రకం ఇది. మంచి మాస్కు, పూర్తి చేతుల చొక్కా, పొడి లాగే ఏర్పాటు లేనివాళ్లు, ముఖ్యంగా బాల్కనీలో చిన్న లేత్ పెట్టుకుని పిల్లలు తిరిగే ఇంట్లో పని చేసేవాళ్లు దీన్ని తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. రంగు ఎంత బాగున్నా సరే.

లిగ్నమ్ వైటీ ఈ జాబితాలో అన్నిటికన్నా గట్టిది. దాని సొంత నూనే కందెనగా పనిచేస్తుంది కాబట్టి ఒకప్పుడు ఓడల ప్రొపెల్లర్ ఇరుసులకు బేరింగులుగా వాడారు. వెలుతురు తగిలేకొద్దీ ఆకుపచ్చగా ముదురుతుంది. పెన్నుకు మాత్రం జిగురు పట్టించడమే పెద్ద తంటా. పింక్ ఐవరీ గులాబీ రంగు చూసి కొంటారు, అది కాలంతో గోధుమకు తిరుగుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది. ఈ రెండింటినీ చివరికి ఉంచుకోండి.

కర్ర కన్నా జిగురు ఎంపిక ఎక్కువ కాపాడుతుంది

ఫెవిక్విక్ రకం జిగురు, అంటే సయనోఎక్రిలేట్, క్షణాల్లో పడుతుంది. కానీ ఆరాక గాజులా పెళుసుగా ఉంటుంది. కర్ర కదిలితే అది కదలదు. కదలిక తక్కువున్న ఐరన్‌వుడ్‌కు చిక్కటి సయనోఎక్రిలేట్ సరిపోతుంది. స్నేక్‌వుడ్, ఎబొనీలకు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీయే వాడండి. అరాల్డైట్‌లో ఐదు నిమిషాలది కాకుండా, ఒక రోజు ఆగాల్సిన మామూలు రకం. అది కాస్త సాగే గుణంతో కర్రకూ ఇత్తడికీ మధ్య మెత్తగా ఉంటుంది.

ఆ మెత్తటి పొరకు చోటు కూడా ఇవ్వాలి. 7 మి.మీ. గొట్టానికి సరిగ్గా 7 మి.మీ. డ్రిల్ బిట్ వేస్తే గొట్టం బిగుతుగా వెళ్లి జిగురంతా బయటికి నెట్టేస్తుంది. 9/32 అంగుళాల బిట్, అంటే 7.14 మి.మీ., వేస్తే చుట్టూ పలుచటి జిగురు పొర నిలుస్తుంది. చూడటానికి ఏమీ లేని తేడా, కానీ పగిలే కర్రల విషయంలో నేను మొదట మార్చమనేది ఈ బిట్టునే. నూనె కర్రలైన కోకోబోలో, బ్లాక్‌వుడ్, లిగ్నమ్ వైటీలకు జిగురు పూసే ముందు రంధ్రం లోపల ఎసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే అతికించాలి. ఆలస్యం చేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

కర్రలో రెసిన్ ఎక్కించి స్థిరపరిచే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. మెత్తటి, పుచ్చిన కర్రలకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈ బరువైన నూనె కర్రల్లో రెసిన్ దూరడానికి ఖాళీయే ఉండదు. దాని మీద డబ్బు పెట్టకండి.

వేడి తగలకుండా చూడటం

డ్రిల్ చేసేటప్పుడు నిమిషానికి 500 తిప్పుల దగ్గర నెమ్మదిగా పెట్టి, ప్రతి అయిదారు మి.మీ.కూ బిట్టు బయటికి లాగి పొడి దులపండి. పొగ వాసన వచ్చిందంటే లోపల అప్పటికే పగులు పడి ఉండొచ్చు. బిట్టు అవతలికి పొడుచుకు రానివ్వకుండా ముక్కను కావలసినదాని కన్నా పొడవుగా ఉంచి, తర్వాత కొస కోసేయండి.

గొట్టం అతికాక కొసలు చదును చేయడానికి పెన్ మిల్ వాడటం అలవాటు. మామూలు కర్రలకు ఫర్వాలేదు. దాని పళ్లు కాస్త మొద్దుబారినా స్నేక్‌వుడ్, ఎబొనీ కొసలు పట్టుకుని పెళ్లలు లేపుతుంది. వీటికి డిస్క్ సాండర్ మీద ముక్కను నిటారుగా పట్టే చిన్న జిగ్ పెట్టి, తాకించీ తాకించనట్టు రుద్దడం మంచిది. చివర్లో సాండ్‌పేపర్ దగ్గర కూడా అంతే. ముక్కను వేళ్లతో పట్టుకోలేనంత వేడి వచ్చిందంటే ఆపాలి. రుద్ది వేడి పుట్టించి మెరుపు తెప్పించే ఫ్రిక్షన్ పాలిష్ ఈ కర్రలకు పనికిరాదు. ఎబొనీ, స్నేక్‌వుడ్‌ల మీద పలుచటి సయనోఎక్రిలేట్ పూతలు వేసి, కొసలకు కూడా ఆ పూత తగిలేలా చూస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. పూర్తిగా ఆగవు, కానీ నెమ్మదించడమే మనకు కావాల్సింది.

బిగించే ముందు గొట్టం లోపల ఎండిన జిగురు గడ్డలేమైనా ఉన్నాయేమో గీకి తీసేయండి. ప్రెస్‌లో పెట్టి భాగాలు నొక్కేటప్పుడు ఆ గడ్డ గొట్టాన్ని బయటికి ఉబ్బించి అంచు దగ్గర కర్రను చీలుస్తుంది. ఆ పగులుకు అందరూ కర్రను తిడతారు, తప్పు జిగురుది.

గొట్టం లేని పెన్ను

ఫౌంటెన్ పెన్ను కిట్ లేకుండా, మరలు నేరుగా కర్రలోనే కోసి చేయగలిగితే పగుళ్ల సమస్య చాలావరకు పోతుంది, ఎందుకంటే కర్రను లోపలి నుంచి ఆపేది ఏమీ ఉండదు. దీనికి బ్లాక్‌వుడ్‌ను మించింది లేదు. గోడ కాస్త మందంగా ఉంచండి, సిరా నేరుగా పెన్ను ఒంట్లో (బారెల్‌లో) పోయకుండా లోపల విడిగా పెట్టే కార్ట్రిడ్జ్‌తోనో కన్వర్టర్‌తోనో వాడండి. సిరా తేమ కర్రకు తగలకూడదు.

నలుపు కావాలి, మరలు కావాలి, సిరా నేరుగా పోసుకోవాలి, పగులు అసలు వద్దు అనేవారికి కర్ర కన్నా ఎబొనైట్ సరైనది. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు అది, తేమకు ఉబ్బదు, ముడుచుకోదు. రాజమండ్రిలో 1932 నుంచి రత్నం పెన్నులవారు చేతితో చేస్తున్నది ఈ ఎబొనైట్‌తోనే. కర్రతో పోల్చి చూడాలనుకుంటే అలాంటి పెన్ను ఒకటి విప్పి, మరలు ఎంత సన్నగా, ఎంత నున్నగా కోశారో గమనించండి.

కాగితాలు, మన కర్రలు

డల్బర్జియా జాతి దాదాపు మొత్తం, అంటే బ్లాక్‌వుడ్, కోకోబోలో, మన రోజ్‌వుడ్‌తో సహా, 2017 నుంచి అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. లిగ్నమ్ వైటీ కూడా ఆ జాబితాలోదే. విదేశం నుంచి ముక్కలు తెప్పించేటప్పుడు అమ్మేవారిని పర్మిట్ సంగతి ముందే అడగండి, లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతాయి.

శేషాచలం ఎర్రచందనం కూడా బరువైనదే, రంగులో దీన్ని కొట్టేది లేదు. కానీ పత్రాలు లేకుండా చిన్న ముక్క దగ్గరున్నా కేసే. అటవీశాఖ వేలంలో వచ్చిన సరుకని రుజువులున్నప్పుడు తప్ప, ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చారని తీసుకోకండి.

చేయి తిరగడానికి మన దగ్గరే మంచి కర్రలున్నాయి. పాత బండి చక్రాల నల్లతుమ్మ, ఇల్లు పడగొట్టినచోట దొరికే చింత చేవ. రెండూ బరువైనవి, ఏళ్ల తరబడి ఆరినవి. ఖరీదైన ముక్క మీదికి వెళ్లేముందు డ్రిల్ వేగం, జిగురు పొర, కొసల చదును అన్నీ వీటిమీద సాధన చేయండి. తునికి చెట్టు చేవ కూడా ఎబొనీ కుటుంబానిదే, నల్లగానే ఉంటుంది. పగలడంలోనూ ఆ కుటుంబం తీరే, కాబట్టి సన్నటి కిట్‌కు వద్దు.

పగిలిన పెన్ను చేతికొస్తే

పారేయకండి. పగులు పడిందంటే లోపలి బిగువు చాలావరకు విడిపోయిందని అర్థం, అందుకే చాలా పెన్నుల్లో ఒక్క పగులే వచ్చి ఆగిపోతుంది. దాన్ని వానాకాలంలో పూడ్చొద్దు. అప్పుడు కర్ర ఉబ్బి పగులు మూసుకుపోయి ఉంటుంది, జిగురు పైపైన ఉండి వేసవిలో పక్కనే మళ్లీ తెరుచుకుంటుంది. మే నెలలో, షికాగో లాంటి చోటైతే హీటర్లు బాగా నడిచే జనవరిలో, పగులు పూర్తిగా తెరుచుకున్నప్పుడు అదే కర్ర సన్నటి పొడి దట్టించి, పలుచటి సయనోఎక్రిలేట్ చుక్క వేసి, మరునాడు సాండ్‌పేపర్‌తో చదును చేసి పూత వేయండి. స్నేక్‌వుడ్ అయితే మచ్చల మధ్య ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.